బుల్‌పప్పా, సంప్రదాయ రైఫిలా, రెండింటికీ సరిపడే మాడ్యులర్ చట్రమా? రాయలసీమ డిజైన్ విద్యార్థులకు ఎంపిక సలహా

ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీవో వారి ప్రయోగ క్షేత్రం వచ్చిన తరువాత, కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల ఇంజనీరింగ్ విద్యార్థుల్లో రక్షణ పరికరాల రూపకల్పన పట్ల ఆసక్తి పెరగడం సంతోషించదగిన విషయం. 2025 జూలైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని అక్కడ పరీక్షించినట్లు పత్రికల్లో చదివిన విద్యార్థి, తన చదువుకూ ఆ క్షేత్రానికీ ఏదో సంబంధం ఉండాలని కోరుకోవడం సహజమే. అయితే క్షిపణి ఒక విద్యార్థి కాగితం మీద ఇమిడే వస్తువు కాదు కనుక, చాలామంది తమ అధ్యయన నివేదికకు పదాతి సైనికుడి ఆయుధాన్ని ఎంచుకుంటారు. అందులోనూ చూడగానే ఆకట్టుకునే బుల్‌పప్‌ను, అంటే తూటా పేల్చే యంత్రాంగం ట్రిగ్గర్ వెనక ఉండే పొట్టి రైఫిల్ రూపాన్నే, ఎక్కువమంది కోరుకుంటారు. ఆ ఎంపిక తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ పొట్టిగా ఉంటుందన్న ఒక్క కారణంతో బుల్‌పప్‌ను ఎంచుకున్న నివేదిక పరీక్షకుడి మొదటి ప్రశ్నకే తడబడుతుంది. ఆ రైఫిల్‌ను పట్టుకునే మనిషి ఏ వాహనం నుంచి దిగుతాడు, ఏ భుజానికి ఆనిస్తాడు, ఎంత దూరం గురి చూస్తాడు, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతే రూపాన్ని నిర్ణయించుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ వ్యాసం ఆ జవాబులు వెతుక్కోవడానికి సాయపడాలని రాస్తున్నాను.

మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది పూర్తిగా బుల్‌పప్ రూపం. రెండవది మడిచే లేదా జరిపే బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఉన్న సంప్రదాయ రూపం. మూడవది ఒకే మూల చట్రం మీద రెండు రూపాలనూ నిర్మించే మాడ్యులర్ పద్ధతి.

పొట్టితనం ఎక్కడి నుంచి వస్తుంది

సంప్రదాయ రైఫిల్‌లో బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే భాగం), ఛాంబర్ (తూటా పేలే గది), మేగజైన్ (తూటాల పెట్టె) అన్నీ ట్రిగ్గర్‌కు ముందు ఉంటాయి. ట్రిగ్గర్ వెనక ఉన్న బట్ భుజానికి ఆనించుకోవడానికి తప్ప తూటా ప్రయాణానికి ఏమాత్రం ఉపయోగపడదు. బుల్‌పప్‌లో ఆ యంత్రాంగమంతా ట్రిగ్గర్ వెనక్కి, బట్ లోపలికి జరుగుతుంది. అంటే ఖాళీగా పోయే చోటు పనిలోకి వస్తుంది, బారెల్ పొడవు తగ్గకుండానే మొత్తం పొడవు తగ్గుతుంది.

అంకెలు చూస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అమెరికా ఎం16ఏ2 రైఫిల్ బారెల్ 508 మి.మీ., మొత్తం పొడవు 1,006 మి.మీ. ఆస్ట్రియా వారి స్టయర్ ఏయూజీ బారెల్ కూడా 508 మి.మీ.లే, కానీ మొత్తం పొడవు 790 మి.మీ. మాత్రమే. మన దేశపు ఇన్సాస్ బారెల్ 464 మి.మీ., పొడవు 960 మి.మీ. కాగా, ఇజ్రాయెల్ టావోర్ రైఫిల్ బారెల్ 460 మి.మీ. ఉండి మొత్తం పొడవు 720 మి.మీ.ల చుట్టూ ఉంటుంది. దాదాపు ఒకే బారెల్‌తో జానెడుకు పైగా పొడవు తగ్గడమంటే సాయుధ వాహనం లోపల, హెలికాప్టర్ తలుపు దగ్గర, ఇరుకు మెట్ల మీద నడిచే సైనికుడికి అది చిన్న విషయం కాదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని అంశం ఒకటుంది. బుల్‌పప్ ఇచ్చే లాభం పొట్టితనం కంటే కూడా పొడవైన బారెల్‌ను నిలబెట్టుకోవడం. బారెల్ పొట్టిదైతే మండే మందు వాయువులు తూటాను తోసే దూరం తగ్గి, వేగం పడిపోతుంది. ఎం4 కార్బైన్ వంటి 368 మి.మీ. బారెల్‌తో 5.56 మి.మీ. తూటా వేగం సెకనుకు కొన్ని పదుల మీటర్లు తగ్గుతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ లోటు మరింత తెలుస్తుంది. కనుక బుల్‌పప్‌ను ఎంచుకుని, మళ్ళీ అందులో బాగా పొట్టి బారెల్ పెట్టే ప్రతిపాదన రాస్తే, ఆ రూపం ఇచ్చే ముఖ్య ప్రయోజనాన్ని మీరే వదులుకున్నట్లవుతుంది. ఇజ్రాయెల్ ఎక్స్95 రైఫిల్ 330 మి.మీ. బారెల్‌తో 580 మి.మీ. పొడవుకు దిగింది. అది గదుల్లో, వాహనాల్లో పోరాడే దళాలకు తెలిసి చేసుకున్న ఎంపిక. మీ నివేదికలో అలాంటి కారణం ఉంటే తప్ప దాన్ని అనుకరించకండి.

ఆ పొట్టితనానికి చెల్లించే మూల్యం

ఈ భాగం మీద నేను కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే విద్యార్థుల నివేదికల్లో బలహీనంగా ఉండేది ఇదే.

మొదటి మూల్యం ట్రిగ్గర్. వేలు నొక్కే చోటు ముందుంటే, తూటాను పేల్చే యంత్రాంగం వెనక ఉంటుంది. రెంటినీ ఒక పొడవైన కడ్డీ కలపాలి. ఆ కడ్డీ ఎక్కడ వంగినా, ఎక్కడ రాసుకున్నా, వేలికి తెలిసే స్పర్శ మొద్దుబారుతుంది. సాగిపోయిన సైకిలు బ్రేకు తీగను నొక్కినప్పుడు చక్రం ఎప్పుడు పట్టుకుంటుందో చేతికి తెలియనట్లే, ఇక్కడ కూడా తూటా ఏ క్షణాన పేలుతుందో వేలికి కచ్చితంగా అందదు. దగ్గరి లక్ష్యాలకు ఇది పెద్ద లోపం కాకపోవచ్చు, కానీ దూరపు గురికి తప్పనిసరిగా లెక్కలోకి వస్తుంది.

రెండవది ఖాళీ కేసు, అంటే తూటా పేలాక మిగిలే లోహపు తొడుగు, బయటపడే చోటు. బుల్‌పప్‌లో ఆ రంధ్రం కాల్చేవాడి చెంప పక్కనే ఉంటుంది. కుడి భుజానికి ఆనిస్తే కేసు కుడివైపుకు ఎగిరిపోతుంది, ఇబ్బంది లేదు. అదే రైఫిల్‌ను ఎడమ భుజానికి మారిస్తే వేడి కేసు ముఖానికి తగిలే ప్రమాదం ఉంటుంది. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళ సమస్యగా మాత్రమే దీన్ని చూడకూడదు. గోడ ఎడమ మూల నుంచి బయటికి తొంగి చూస్తూ కాల్చవలసి వచ్చినప్పుడు, కుడిచేతి వాటం వాడు కూడా భుజం మార్చుకోకపోతే తన శరీరమంతా బయటపెట్టుకోవాలి. ఏయూజీ, ఫ్రాన్స్ వారి ఫామాస్, టావోర్ రైఫిళ్ళలో కొన్ని భాగాలు మార్చి ఎడమవైపుకు కేసు పడేలా చేయవచ్చు. కానీ అది ఆయుధాగారంలో చేసే పని, పోరాటం మధ్యలో చేసేది కాదు. బ్రిటన్ ఎస్ఏ80లో ఆ అవకాశం కూడా లేదు, అక్కడి సైనికులందరూ కుడి భుజం నుంచే కాల్చాలి. బెల్జియం ఎఫ్ఎన్ ఎఫ్2000 ఖాళీ కేసును ఒక గొట్టం గుండా ముందుకు పంపి, బారెల్ పక్కన పడేలా చేసి ఈ చిక్కును నిజంగా పరిష్కరించింది. నా దృష్టిలో బుల్‌పప్‌ల చరిత్రలో అత్యంత తెలివైన పరిష్కారాల్లో అదొకటి. అయితే ఆ దారి మూసి ఉండటం వల్ల లోపల ఏదైనా ఇరుక్కుంటే కంటికి కనిపించడం కష్టమవుతుంది. ఒక చోట లాభం తెచ్చిన నిర్మాణం మరో చోట ఏం అడుగుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

మూడవది శరీర కొలతలకు సంబంధించినది. సంప్రదాయ రైఫిల్ బట్‌ను ముందుకూ వెనక్కూ జరిపి, మందపాటి రక్షణ కవచం తొడుక్కున్నవాడికీ, పొట్టి చేతులున్నవాడికీ సరిపెట్టవచ్చు. బుల్‌పప్ బట్‌లో యంత్రాంగం నిండి ఉంటుంది కనుక దాన్ని కుదించడం సులభం కాదు. క్రొయేషియా వారి వీహెచ్ఎస్-2 జరిపే బట్‌తో వచ్చింది గానీ, చాలా బుల్‌పప్‌లు ఒకే పొడవుకు బిగిసిపోయి ఉంటాయి. ఏదో ఒక దేశపు సగటు కొలతలు తీసుకుని గీసిన నమూనా మన బెటాలియన్లలో మహిళా కానిస్టేబుళ్ళకు సరిపోతుందా అన్న ప్రశ్న మీ నివేదికలో ఉండితీరాలి.

మేగజైన్ మార్చడం చంక దగ్గర జరుగుతుంది కాబట్టి, ఏళ్ళ తరబడి సంప్రదాయ రైఫిల్‌కు అలవాటుపడిన చేతికి కొత్త శిక్షణ అవసరం. ముందుభాగం పొట్టిగా ఉన్నందువల్ల గురి చూడటానికి ముందూ వెనకా ఉండే ఇనుప సైట్ల మధ్య దూరం తగ్గి గురి చూడటంలో పొరపాటుకు ఆస్కారం పెరుగుతుంది. ఏయూజీలో మొదటి నుంచే 1.5 రెట్లు పెద్దగా చూపే అద్దాన్ని మోసే పిడిలోనే బిగించడానికీ, ఎస్ఏ80తో పాటు 4 రెట్ల సైట్ ఇవ్వడానికీ ఇది కూడా ఒక కారణం. శబ్దం తగ్గించే గొట్టం బిగించినప్పుడు వెనక్కి తన్నే వాయువులు నేరుగా ముఖం మీదికి రావడం మరో ఇబ్బంది. ఛాంబర్ చెంప కిందే ఉండటం వల్ల ప్రమాదవశాత్తు అది పగిలితే దెబ్బ తలకు తగులుతుందన్న భయాన్ని సింగపూర్ డిజైనర్లు తేలిగ్గా తీసుకోలేదు. తమ ఎస్ఏఆర్ 21లో చెంప దగ్గర కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నారతో చేసిన రక్షణ పలక పెట్టారు.

బరువు విషయంలో మాత్రం బుల్‌పప్‌ను అనవసరంగా నిందించకూడదు. బరువు భుజం దగ్గరకు చేరడం వల్ల ముందుభాగం తేలికగా ఉండి, ఒక చేత్తో పట్టుకుని రెండవ చేత్తో తలుపు తీయడమో, తాడు పట్టుకోవడమో సులువవుతుంది. మోసుకుని చాలా దూరం నడిచేవాడికి ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది.

మాడ్యులర్ అంటే ఏది మార్చుతారో చెప్పాలి

మాడ్యులర్ అన్న గుణాన్ని శీర్షికలో చేర్చి, లోపల పట్టాల మీద టార్చి, సైట్, ముందు పిడి బిగించడాన్ని మాత్రమే వివరించే నివేదికలు చాలా వస్తుంటాయి. అది ఉపకరణాలు బిగించడమే గానీ ఆయుధ నిర్మాణంలోని మాడ్యులర్ పద్ధతి కాదు. నిర్మాణంలో మార్పిడి మూడు స్థాయుల్లో ఉంటుంది, ఆ మూడింటికీ వేర్వేరు కారణాలుంటాయి.

బారెల్ మార్చడం మొదటి స్థాయి. 1977లో ఆస్ట్రియా సైన్యం ఎస్‌టీజీ 77గా స్వీకరించిన స్టయర్ ఏయూజీ ఇందుకు ఆదర్శం. 350, 407, 508, 621 మి.మీ. బారెళ్ళను ఒకే దేహానికి, పనిముట్లు లేకుండా, క్షణాల్లో మార్చవచ్చు. 621 మి.మీ. బరువైన బారెల్, ముందు రెండు కాళ్ళ ఆధారం, 42 తూటాల మేగజైన్ కలిస్తే అదే రైఫిల్ తేలికపాటి సహాయక ఆయుధంగా మారుతుంది. అర్ధశతాబ్ది కిందటి ఈ ఆలోచన ఇప్పటికీ తాజాగా ఉండటం నన్ను ఆశ్చర్యపరుస్తుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ మేగజైన్, ఎక్కువ భాగం ప్లాస్టిక్‌తోనే చేసిన ట్రిగ్గర్ యంత్రాంగం, అల్యూమినియం రిసీవర్ (బోల్ట్, బారెల్ అమరే లోపలి చట్రం), సగం నొక్కితే ఒక్కో తూటా, పూర్తిగా నొక్కితే వరుస తూటాలు పేల్చే ట్రిగ్గర్, ఇవన్నీ 1970ల్లోనే అందులో ఉన్నాయి. అయితే నాలుగు బారెళ్ళూ ఒక్కో సైనికుడి సంచిలో ఉండవు. దళం తన అవసరాన్ని బట్టి ఒక పొడవును ఎంచుకుని దానితోనే ఉంటుంది. బారెల్ మార్చిన ప్రతిసారీ గురి సరిచూసుకోవాలి కూడా. కాబట్టి ఈ సౌకర్యం వల్ల ఎక్కువ మేలు పొందేది సైనికుడి కంటే కర్మాగారమూ, ఆయుధాగారమూ అని నా అభిప్రాయం. ఒకే విడిభాగాల నిల్వతో మూడు నాలుగు రకాల ఆయుధాలు నడపడం ఏ సైన్యానికైనా పెద్ద ఆదా.

తూటా పరిమాణం మార్చడం రెండవ స్థాయి. దీన్ని నేను త్వరగా దాటుతాను. బారెల్, బోల్ట్, మేగజైన్ మూడూ మారాలి, అంటే సగం రైఫిల్ మారినట్లే. ఒకే దేశపు సరఫరా వ్యవస్థలో పనిచేసే దళానికి దీని అవసరం అరుదు.

రూపాన్నే మార్చడం మూడవ స్థాయి. మీ శీర్షికకు అతి దగ్గరగా వచ్చేది ఇదే. పోలండ్‌లో రాదోం ఆయుధ కర్మాగారం, వార్సాలోని సైనిక సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి 2007 నుంచి అభివృద్ధి చేసిన ఎంఎస్‌బీఎస్ గ్రోట్ కుటుంబంలో, బారెల్, బోల్ట్ ఉన్న పై చట్రం ఉమ్మడిగా ఉంటుంది. కింది భాగాన్నీ బట్‌నూ మార్చి సంప్రదాయ రూపం గానీ, బుల్‌పప్ రూపం గానీ తయారుచేస్తారు. ఒక విశ్వవిద్యాలయం ఇలాంటి పనిలో భాగస్వామి కావడం మన కర్నూలు ఐఐఐటీడీఎం విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. అయితే ఆ ఆలోచన ఎంత అందంగా ఉన్నా, 2017 నుంచి పోలండ్ ప్రాదేశిక రక్షణ దళాలకు పెద్ద సంఖ్యలో చేరింది సంప్రదాయ రూపమే. మొదటి తరం రైఫిళ్ళలో వాయు నియంత్రక భాగం గురించి విమర్శలు రాగా తరువాతి తరంలో దాన్ని సవరించారు. రెండు రూపాలకూ సరిపడాలంటే ఉమ్మడి చట్రం రెండింటి కోసమూ కొంత రాజీపడాలి. ఖాళీ కేసు రంధ్రం బుల్‌పప్‌లో చెంప దగ్గరకు వస్తుంది కనుక రెండు వైపులా ఏర్పాటు చేయాలి, బోల్ట్ లాగే పిడి రెండు రూపాల్లోనూ చేతికి అందాలి, బుల్‌పప్ ట్రిగ్గర్ కడ్డీకి దారి వదలాలి. ఈ మూడు అంశాల మీద మీరు రెండేసి పేజీలు రాయగలిగితే, ఆ నివేదిక నిజంగా మాడ్యులర్ బుల్‌పప్ గురించి మాట్లాడినట్లు.

తూటా ముందు, రూపం తరువాత

బ్రిటన్ 1951లో ఈఎం-2 అనే బుల్‌పప్‌ను అధికారికంగా స్వీకరించి, ఆ వెంటనే పక్కన పెట్టింది. అది పనికిరానిదై పోలేదు. అది .280 తూటా చుట్టూ నిర్మించిన రైఫిల్, పాశ్చాత్య దేశాల సైనిక కూటమి నాటో మాత్రం అమెరికా పట్టుబట్టిన 7.62 మి.మీ. తూటా వైపు వెళ్ళింది. తూటా మారితే రైఫిల్ మారాలి. మిత్రదేశాల తూటా వేరైతే ఎంత మంచి రైఫిలైనా ఒంటరిదవుతుంది. ఫ్రాన్స్ ఫామాస్‌కు మరో రకంగా ఇదే ఎదురైంది. 1978లో స్వీకరించిన ఆ రైఫిల్ 488 మి.మీ. బారెల్‌తో 757 మి.మీ. పొడవే ఉండి, నిమిషానికి 900 తూటాలకు పైగా పేల్చగలిగేది. కానీ దాని యంత్రాంగం ఉక్కు కేసు తూటాలకు అనువుగా రూపొందింది, మేగజైన్ 25 తూటాల సొంత రకం. ఫ్రాన్స్‌లో ఆ తూటాల తయారీ ఆగిపోయాక ఇతర దేశాల తూటాలతో ఇబ్బందులు మొదలయ్యాయి. చివరకు 2016లో జర్మనీ హెచ్‌కే416ను ఎంచుకుని 2017 నుంచి సైన్యానికి ఇవ్వడం ప్రారంభించారు.

మన దేశంలో ఇన్సాస్‌తో 5.56 మి.మీ. తూటా వచ్చింది. దాని స్థానంలో సైన్యం ఎంచుకున్నవి ఎక్కువ శక్తిగల 7.62 మి.మీ. రకాలు. 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్ళకు ఒప్పందం కుదిరింది, అవి 7.62×51 రకం (మొదటి అంకె తూటా వ్యాసం, రెండవది కేసు పొడవు, మి.మీ.లలో). ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా కోర్వాలో 6 లక్షలకు పైగా తయారుచేయాలని నిర్ణయించిన ఏకే-203 రైఫిళ్ళు 7.62×39 రకం. డీఆర్‌డీవో వారి పుణె ప్రయోగశాల, హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ సంస్థతో కలిసి 2024 జనవరిలో ఆవిష్కరించిన ఉగ్రం కూడా 7.62×51 రకమే. ఈ మూడూ సంప్రదాయ రూపాలే. కనుక భారత పదాతి దళమంతటికీ ఒకే రైఫిల్ అనే లక్ష్యంతో బుల్‌పప్ ప్రతిపాదన రాసే విద్యార్థి, సైన్యం ఇప్పటికే వేరే వైపు నడిచిందన్న వాస్తవాన్ని దాచకూడదు. అదే సమయంలో మన ప్రత్యేక దళాలు 2000ల నుంచి టావోర్‌ను వాడుతున్నాయి, సీఆర్‌పీఎఫ్ వంటి బలగాలు ఎక్స్95 తీసుకున్నాయి, గ్వాలియర్ సమీపంలోని మాలన్‌పూర్‌లో పీఎల్ఆర్ సంస్థ ఈ రకాలను తయారు చేస్తోంది. చిన్న, నిర్దిష్టమైన పని ఉన్న దళానికి బుల్‌పప్, అందరికీ ఒకటే కావాలంటే సంప్రదాయం అన్న విభజన మన దేశంలోనే కనిపిస్తోంది.

విడిచిపెట్టినవారు, నిలబెట్టుకున్నవారు

బుల్‌పప్‌ను వదిలిన దేశాల జాబితా చూసి ఆ రూపం ఓడిపోయిందని తేల్చేవాళ్ళతో నేను ఏకీభవించను. న్యూజిలాండ్ 2015లో ఏయూజీ బదులు సంప్రదాయ రైఫిల్‌ను ఎంచుకుంది. చైనా 1995 తరం క్యూబీజెడ్-95 స్థానంలో సంప్రదాయ రూపంలో ఉన్న క్యూబీజెడ్-191ను 2019 కవాతులో చూపింది. బ్రిటన్ 2023లో తన కమాండో దళాల కోసం సంప్రదాయ రైఫిల్‌ను ఎంచుకుంది గానీ, మిగతా సైన్యంలో ఎస్ఏ80 కొనసాగుతోంది. ఆస్ట్రేలియా మాత్రం లిత్‌గోలో తయారైన ఏయూజీ రకాన్ని ఈఎఫ్88గా మెరుగుపరచి నిలబెట్టుకుంది, ఆస్ట్రియా తన రైఫిల్‌ను వదలనేలేదు. వదిలినవారి కారణాల్లో యంత్రం చెడిపోవడం కంటే, కొత్త సైట్లు, ఉపకరణాలు బిగించే చోటు చాలకపోవడం, మిత్రదేశాలతో శిక్షణ, విడిభాగాలు పంచుకోవలసి రావడం, పొట్టి బారెల్ నుంచి కూడా మెరుగ్గా పనిచేసే తూటాలు రావడం ముఖ్యమైనవని నేను భావిస్తాను.

ఎస్ఏ80 కథను వేరుగా చదవాలి. 1985లో సేవలో చేరిన ఎల్85ఏ1, 1990–91 గల్ఫ్ యుద్ధంలో ఇసుక, దుమ్ము మధ్య తరచూ మొరాయించింది. అక్కడ తప్పు బుల్‌పప్ రూపానిది కాదు, తయారీ నాణ్యతదీ, చాలినన్ని పరీక్షలు చేయకపోవడందీ. జర్మన్ సంస్థ హెక్లర్ అండ్ కాక్ 2000 ప్రాంతంలో బోల్ట్ మొదలుకొని అనేక లోపలి భాగాలు మార్చి ఇచ్చిన ఏ2 రకం, అదే రూపంతో నమ్మదగిన రైఫిల్‌గా నిలిచింది. రూపం మారకుండానే విశ్వసనీయత మారగలదని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ లేదు.

మన నేల మీద పెట్టి చూస్తే

నివేదికలో వినియోగ పరిస్థితులు రాసేటప్పుడు ఎక్కడో ఐరోపా మంచును వర్ణించనవసరం లేదు, మన రాయలసీమ నేలే కావలసినన్ని పరీక్షలు పెడుతుంది. మే నెలలో కర్నూలులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వాహనం పైకప్పు కింద ఉంచిన ప్లాస్టిక్ దేహం అంతకంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది, చెంప ఆనించే చోటు కింద ఛాంబర్ ఉన్న రైఫిల్‌లో ఆ వేడికి కాల్పుల వేడి తోడవుతుంది. అనంతపురం ఎర్రనేల దుమ్ము నూనె రాసిన భాగాలకు అంటుకుని గట్టిపడుతుంది. ఆదోని వైపు నల్లరేగడి వానకు తడిస్తే బంక మట్టిగా మారి, పడుకుని కాల్చేవాడి బట్ కిందికి చేరుతుంది. బుల్‌పప్‌లో మేగజైన్ నోరు, ఖాళీ కేసు రంధ్రం ఉండేది సరిగ్గా ఆ చోటే.

నల్లమలలో పొదలు, వెదురు మధ్య నడిచే దళానికి పొట్టి రైఫిల్ మేలన్నది నిజం. కడప, ప్రొద్దుటూరు పాతబస్తీ సందుల్లో తలుపు నుంచి తలుపుకు కదిలే పోలీసు బృందానికి కూడా అంతే. కానీ అదే బృందం ఎడమ మూల నుంచి కూడా కాల్చవలసి ఉంటుంది కనుక, భుజం మార్చే సమస్యను పరిష్కరించని బుల్‌పప్ వాళ్ళకు సగం సాయమే చేస్తుంది. రామగిరి గాలిమరల కొండల మీద నిలబడి చూస్తే పరిస్థితి తలకిందులవుతుంది. చూపు ఆనేంత దూరం బయలు, ఆగని గాలి. తేలికపాటి తూటాను పక్కకు నెట్టే ఆ గాలిలో, దూరపు గురికి మంచి ట్రిగ్గర్, స్థిరమైన సైట్, బరువైన తూటా కావాలి. అక్కడ సంప్రదాయ 7.62 రైఫిల్ ముందు బుల్‌పప్ నిలవదు.

నా సలహా

మీ నివేదికలోని వినియోగదారు సాయుధ వాహనంలో ప్రయాణించి, దిగి, 300 మీటర్ల లోపు పోరాడే చిన్న దళమైతే బుల్‌పప్‌నే ఎంచుకోండి. బారెల్‌ను 400 మి.మీ. కంటే తగ్గించకండి, ఎఫ్2000ను గానీ టావోర్‌ను గానీ ఆధారంగా చదవండి. వినియోగదారు వేలమంది ఉన్న బెటాలియన్ అయి, శిక్షణ, విడిభాగాలు, వేర్వేరు శరీర కొలతలు లెక్కలోకి వస్తే సంప్రదాయ రూపం తీసుకుని, మడిచే లేదా జరిపే బట్‌తో వాహన ఇబ్బందిని తగ్గించండి. మడిచిన బట్‌తో గురి చూసి కాల్చలేమన్న పరిమితిని మాత్రం స్పష్టంగా రాయండి. తయారీ వ్యవస్థ గురించి, విడిభాగాల నిల్వ గురించి అధ్యయనం చేయదలచినవారికే మూడవ దారి, అంటే ఉమ్మడి చట్రం, సరైనది. అది సైనికుడి సౌకర్యం కోసం పుట్టిన ఆలోచన కంటే కర్మాగారపు అవసరం నుంచి పుట్టిన ఆలోచన. నేను ఒకటే చదవాలంటే ఏయూజీని చదువుతాను, ఒకటే గీయాలంటే గ్రోట్ తరహా ఉమ్మడి చట్రాన్ని గీస్తాను.

ఏది ఎంచుకున్నా పని కాగితం మీద, కంప్యూటర్ తెర మీద, పేలని నమూనా దగ్గర ఆగిపోవాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం, దాని భాగాలు తయారుచేయడం తీవ్రమైన నేరం. వరుస తూటాలు పేల్చే ఆయుధాలు నిషిద్ధ ఆయుధాల కిందికి వస్తాయి. త్రీడీ ప్రింటర్ కళాశాలలోనే ఉంది కదా అని పనిచేసే భాగాన్ని ముద్రించే ఆలోచన ఎవరికీ రాకూడదు. అధ్యాపకులు కూడా ఈ గీతను మొదటి సమావేశంలోనే గీయాలి.

ఆ గీత లోపల చేయగలిగిన పని తక్కువేమీ కాదు. చెక్కతోనో అట్టతోనో అసలు పొడవు, అసలు బరువు, అసలు బరువు కేంద్రం ఉన్న రెండు నమూనాలు చేయండి, ఒకటి బుల్‌పప్ కొలతలతో, మరొకటి సంప్రదాయ కొలతలతో. ఎత్తు తక్కువ ఉన్నవారిని, ఎక్కువ ఉన్నవారిని, ఎడమచేతి వాటం వారిని, మందపాటి కవచం వంటి బరువు చొక్కా తొడుక్కున్నవారిని పిలిచి, జీపు నుంచి దిగడం, మెట్లెక్కడం, తలుపు మూల నుంచి రెండు వైపులా తొంగి చూడటం, పడుకుని మేగజైన్ మార్చినట్లు కదలడం చేయించండి. ఈ పని కళాశాల ఆవరణ లోపల, అధ్యాపకుల సమక్షంలో, ముందుగా పోలీసులకు తెలిపి చేయాలి, నమూనాలకు దూరం నుంచి చూసినా బొమ్మేనని తెలిసే ముదురు రంగు వేయాలి. ప్రతి కదలికలో మోచెయ్యి ఎక్కడ తగిలింది, చూపు ఎక్కడ తప్పింది, చెయ్యి దేనికోసం తడుముకుంది అన్నది రాసుకుని, ఆ పట్టికను నివేదిక అనుబంధంలో కాకుండా రూపాన్ని ఎంచుకున్న అధ్యాయంలోనే పెట్టండి.